వేలం పాటలో మోసాలు: బెండమూర్లంక బట్టల నుంచి మీ ఫోన్‌లో క్యూఆర్ కోడ్ దాకా

పోయిన ఎపిసోడ్ కింద చాలామంది ఒకటే అడిగారు: అన్నా, ఆన్‌లైన్‌లో సెకండ్ హ్యాండ్ ఫోన్ కొనాలి, పాత బండి అమ్మాలి, మోసపోకుండా ఎలాగ? ఐదు టిప్స్ చెప్పేసి, లైక్ కొట్టండి, షేర్ చేయండి అని ముగించేయొచ్చు. కానీ టిప్స్‌తో ఒక ఇబ్బంది ఉంది. ఆరు నెలలకి పాతబడిపోతాయి. మనం ఒక తలుపు మూస్తే వాడు కిటికీ వెతుక్కుంటాడు. అందుకే ఈసారి కాస్త వెనక్కి వెళ్దాం, అంటే ఓ రెండు వేల ఏళ్ళు వెనక్కి. వేలం పుట్టిన దగ్గర్నుంచీ అందులో మోసం ఎక్కడెక్కడ దూరిందో చూస్తే, రేపు వచ్చే కొత్త మోసం కూడా ముఖం చూడగానే గుర్తుపట్టొచ్చు.

ముందు మాట సంగతి. "వేలం" అచ్చ తెలుగు మాట కాదండీ. పోర్చుగీసు వాళ్ళ "లెయిలావ్" హిందీలో నీలాం అయింది, తమిళంలో ఏలం అయింది, మన దగ్గర వేలం అయింది అంటారు నిఘంటువులు రాసినవాళ్ళు. అంటే సముద్రం మీద ఓడలతో పాటు దిగిన మాట. కానీ దాని పక్కన మనవాళ్ళు తగిలించిన "పాట" మాత్రం మనదే. పాట పెట్టడం, పాట పాడటం, పాట కొట్టేయడం, హెచ్చు పాట. ఎవడైనా "నేను పాడుకున్నా" అన్నాడంటే సినిమా పాట కాదు, చెరువు పాడుకున్నాడని మన ఊళ్ళో అందరికీ అర్థమవుతుంది.

మన కోనసీమలో వేలం తెలియని ఇల్లు ఉండదు. అంతర్వేది పల్లిపాలెం రేవుకి బోట్లు రాగానే చేపలు కుప్పలు పోసి అక్కడికక్కడే పాట పెడతారు. ఆలయ భూముల కౌలుకి పాట, పంచాయతీ చెరువుకి పాట, వినాయక చవితి లడ్డూకి పాట. ఆఖరికి మీ అమ్మగారు నెలనెలా కట్టే చీటీ కూడా పాటే. కాకపోతే తిరగేసిన పాట. అక్కడ ఎవరు ఎక్కువ తగ్గించుకుంటే వాళ్ళకి చీటీ.

ఇప్పుడు ఆ రేవులో చేపల పాట ఒకసారి జాగ్రత్తగా చూడండి. సరుకు కళ్ళ ముందే ఉంటుంది. మొప్ప ఎత్తి చూస్తారు, ఎర్రగా ఉందా, వడలిపోయిందా అని. పాడేవాళ్ళు ఎవరో అందరికీ తెలుసు, ఎవరి మనవడో కూడా తెలుసు. పాట ముగిసేది అందరూ వినేలా: ఒకటోసారి, రెండోసారి, మూడోసారి. డబ్బు దగ్గరే కొంచెం తిరకాసు. రేవులో చాలా లావాదేవీలు అప్పు మీద నడుస్తాయి. వలకో, డీజిల్‌కో ముందే పెట్టుబడి పెట్టిన వ్యాపారికే సరుకు ఇవ్వాల్సిన బోటు యజమానులు చాలామంది. అంటే నమ్మకం ఉంది కానీ అది ఉచితం కాదు, ధరలో కోత రూపంలో కడతారు. దీన్ని ఆదర్శం అనడంలేదు నేను. కానీ నాలుగు ప్రశ్నలకి అక్కడ జవాబు దొరుకుతుంది. సరుకు నిజమా? పాడేవాడు నిజమా? పాట ఎప్పుడు ఆగుతుంది? డబ్బు మధ్యలో ఎవరి చేతిలో ఉంటుంది? ఈ నాలుగూ గుర్తుపెట్టుకోండి, మిగతా కథంతా వీటి చుట్టూనే.

సరుకు నిజమా అన్నదానికి మనకంటే బాగా తెలిసినవాళ్ళు ఎవరుంటారు? పులస ఉంది కదా. పుస్తెలమ్మైనా పులస తినాలి అంటారు. వరద సీజన్‌లో సముద్రం నుంచి గోదావరిలోకి ఎదురీదుకుంటూ వస్తేనే అది పులస. ఆ చేపే సముద్రంలో ఉన్నప్పుడు విలస. యానాంలో పులస పాట వేలల్లో పలికిందని ప్రతి సంవత్సరం వార్త వస్తుంది, మీరూ వాట్సాప్ స్టేటస్‌లో పెట్టుకుంటారు. ఆ వార్త వెనకాలే ఒడిశా, బెంగాల్ వైపు నుంచి ఐస్‌లో వచ్చిన ఇలసని పులస అని అంటగట్టే బ్యాచ్ కూడా దిగుతుంది. చూడటానికి రెండూ దాదాపు ఒకటే. ఫొటోలో అయితే అసలు తేడా తెలీదు. పాత చేపలవాళ్ళు రంగు చూసి, నిగారింపు చూసి చెప్పేస్తారు. వాళ్ళ చేతిలో ఉన్న ఆ తెలివి మీ ఫోన్ స్క్రీన్ మీదకి రాదు. కురిడి కొబ్బరి కూడా అంతే, ఊపి చెవి దగ్గర పెట్టుకుంటే లోపల గుండు కదిలే చప్పుడుని బట్టి కాయ సంగతి చెప్తారు అంబాజీపేటలో. చప్పుడుకి ఫొటో తీయలేం కదా.

ఈ గొడవ మూడొందల ఏళ్ళ క్రితమే మన గడ్డ మీద జరిగింది. అల్లవరం మండలంలో బెండమూర్లంక ఉంది కదా. 18వ శతాబ్దంలో అక్కడ ఇంగ్లీషు ఈస్ట్ ఇండియా కంపెనీకి ఫ్యాక్టరీ ఉండేది. ఫ్యాక్టరీ అంటే పొగగొట్టాలు ఊహించుకోకండి, బట్టలు కొని దాచే గిడ్డంగి, కాపలా, నలుగురు గుమాస్తాలు. యానాం పక్కన ఇంజరంలో ఇంకోటి. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కితే అవతల దిగే మాధవాయిపాలెం ఉంది చూశారా, నరసాపురం వైపు, అక్కడ ఇంకోటి. ఆ మాధవాయిపాలెం పేరే తెల్లవాళ్ళ నోట్లో మడపొల్లం అయి, అదే పేరుతో ఒక మెత్తటి నూలు బట్ట యూరప్‌లో స్థిరపడిపోయింది. 1757లో ఫ్రెంచి సేనాని బుస్సీ వచ్చి ఈ మూడు ఫ్యాక్టరీలూ పట్టుకున్నాడు. అది వేరే ఎపిసోడ్.

మన సంగతి ఏంటంటే, కంపెనీవాడు నేతగాడికి ముందే అడ్వాన్స్ ఇచ్చేవాడు. ఇచ్చేటప్పుడు ఒక మచ్చు బట్ట చూపించేవాడు, ఇలాగే నేయాలి అని. బట్ట వచ్చాక ఆ మచ్చు పక్కన పెట్టి పోల్చేవాళ్ళు. పొడవు, వెడల్పు, దారం అన్నీ చూసి సరిపోతేనే తీసుకునేవాళ్ళు, లేకపోతే ధర కోసేవాళ్ళు, లేదా తిరక్కొట్టేవాళ్ళు. ఈ తనిఖీలో నేతగాళ్ళకి జరిగిన అన్యాయం చాలా ఉంది. తూకం, కొలత, తీర్పు అన్నీ కొనేవాడి చేతిలోనే ఉంటే ఇంకేం జరుగుతుంది? కానీ ఆ పద్ధతి ఎందుకు పుట్టిందో చూడండి. సరుకు మన కోనసీమలో, అసలు కొనేవాడు లండన్‌లో. మధ్యలో ఆరేడు నెలల సముద్రం. చూడకుండా కొనేవాడికి మచ్చు కావాలి, మచ్చుతో పోల్చే మనిషి కావాలి. ఈరోజు మీరు లిస్టింగ్‌లో చూసే ఫొటో ఉంది చూశారా, అదీ మచ్చే. పోల్చే మనిషే లేడు.

అక్కడ లండన్‌లో ఈ సరుకుని ఎలా అమ్మేవాళ్ళో తెలుసా? వేలంలోనే. అదీ 17వ శతాబ్దంలో కొవ్వొత్తి వేలం. అంగుళం కొవ్వొత్తి ముక్క వెలిగిస్తారు. అది ఆరిపోయేలోపు ఎవడు ఆఖరుగా పాడితే సరుకు వాడిది. ఎందుకలా అంటే, ఎప్పుడు ఆరుతుందో ఎవడికీ తెలీదు కాబట్టి అందరూ నిజాయితీగా ముందే పాడతారని ఆశ. శామ్యూల్ పెపీస్ అని అప్పటి నేవీ ఆఫీసులో పనిచేసిన పెద్దమనిషి డైరీ రాసుకునేవాడు. 1662 సెప్టెంబర్‌లో ఓడల వేలానికి వెళ్ళాడు. అందులో ఒకడు ప్రతిసారీ సరిగ్గా ఆఖరి క్షణంలో పాడి కొట్టేస్తున్నాడు. ఎలాగయ్యా అని అడిగితే, కొవ్వొత్తి ఆరబోయే ముందు పొగ కిందికి దిగుతుంది, అది చూసి పాడతాను అన్నాడంట. చూశారా! మూడు వందల అరవై ఏళ్ళ క్రితమే ఒకడు సిస్టమ్‌ని హ్యాక్ చేశాడు.

దీన్నే ఈబే రోజుల్లో స్నైపింగ్ అన్నారు. టైమర్ అయిపోవడానికి రెండు సెకన్ల ముందు బిడ్ కొట్టడం. దానికోసం సాఫ్ట్‌వేర్లు కూడా వచ్చాయి. నేను బీటెక్ చదివి సాఫ్ట్‌వేర్‌లో పనిచేసినవాడిని కాబట్టి నాకు ఇందులో ఇష్టమైన భాగం దీనికి కనిపెట్టిన మందు. ఇప్పుడు మన దేశంలో ప్రభుత్వ ఈ-వేలాలు చూడండి, ఆఖరి కొన్ని నిమిషాల్లో ఎవరైనా పాడితే టైమ్ దానంతట అదే ఇంకో ఐదు నిమిషాలో పది నిమిషాలో పెరుగుతుంది. మళ్ళీ పాడితే మళ్ళీ పెరుగుతుంది. ఒకటోసారి, రెండోసారి, మూడోసారిని కోడ్‌లో రాశారన్నమాట. కాబట్టి "ఇంకా పది నిమిషాలే ఆఫర్, ఇప్పుడే డబ్బు వేయకపోతే వేరేవాళ్ళకి ఇచ్చేస్తా" అని ఎవడైనా మీ మెడ మీద కత్తి పెట్టాడంటే, వాడి చేతిలో కొవ్వొత్తి ఉందని అర్థం చేసుకోండి. ఆ కొవ్వొత్తి ఎప్పుడూ ఆరదు, కావాలంటే రేపు మళ్ళీ చూడండి, అదే లిస్టింగ్ ఉంటుంది.

ఇంకా వెనక్కి వెళ్తే ఒక మహా వేలం ఉంది. క్రీస్తు శకం 193, రోమ్. చక్రవర్తిని ఆయన బాడీగార్డులే, ప్రిటోరియన్ గార్డులు, చంపేశారు. చంపేసి సింహాసనాన్ని వేలానికి పెట్టారు. లోపల నుంచి ఒకడు ఒక్కో సైనికుడికి ఇరవై వేల సెస్టర్సెస్ అన్నాడు, బయట నుంచి డిడియస్ జూలియానస్ అనే డబ్బున్నాయన పాతిక వేలు అన్నాడు. పాట ఆయనకి కొట్టేశారు. అరవై ఆరు రోజులు చక్రవర్తిగా ఉన్నాడు. తర్వాత సెవెరస్ సైన్యంతో రోమ్ మీదకి వచ్చేసరికి గార్డులు చేతులెత్తేశారు, జూలియానస్ తల తెగింది. వేలం పాటలో ఏ తప్పూ లేదు. బిడ్లు నిజమే, ధర నిజమే. అమ్మిన వస్తువు అమ్మినవాళ్ళది కాదు, అంతే.

మీకు ఎవడూ సామ్రాజ్యం అమ్మడు కానీ ఫోన్ అమ్ముతాడు. పద్దెనిమిది వేల ఫోన్ ఆరు వేలకి ఇస్తానంటే మొదటి ప్రశ్న ఇది వాడిదేనా అని. డయల్ ప్యాడ్‌లో *#06# కొడితే ఐఎమ్ఈఐ నంబర్ వస్తుంది. దాన్ని కేంద్ర ప్రభుత్వం సంచార్ సాథీలో చెక్ చేసుకోవచ్చు, లేదా 14422కి కేవైఎమ్ అని కొట్టి ఒక స్పేస్ ఇచ్చి ఆ నంబర్ ఎస్ఎమ్ఎస్ పంపొచ్చు. బ్లాక్ అయిన ఫోనో కాదో చెప్తుంది. బండి అయితే ఎమ్‌పరివాహన్ యాప్‌లో నంబర్ కొట్టండి, ఫైనాన్స్ ఇంకా తీరలేదంటే అందులో కనిపిస్తుంది. ఒరిజినల్ బిల్లు అడగండి. బిల్లు పోయిందన్నా అని నవ్వేవాడి దగ్గర మీరూ నవ్వేసి వచ్చేయండి. దొంగ సొమ్ము అని తెలిసీ, లేదా అనుమానించాల్సిన కారణం ఉండీ కొంటే భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ కింద అది నేరం. తెలియక కొన్నా సరే, పోలీసులు వచ్చి ఫోన్ పట్టుకెళ్తారు, మీ ఆరు వేలు గోదారిలో కలిసినట్టే.

ఇప్పుడు మళ్ళీ మన జిల్లాల చరిత్రలోకి రండి. ఇది స్కూల్లో సరిగ్గా చెప్పలేదు మనకి. 1802లో మద్రాసు ప్రెసిడెన్సీలో శాశ్వత పరిష్కారం అని పెట్టారు, అంటే జమీందారు ఏటా కట్టే శిస్తు ఇంత అని శాశ్వతంగా ఖాయం చేయడం. పాత జమీందార్లు లేని హవేలీ భూముల్ని గోదావరి ప్రాంతంలో ముక్కలు చేసి, ముఠాలు అని పేరు పెట్టి, వేలం వేశారు. అవునండీ, ఇప్పుడు మనం దొంగల ముఠా అంటాం చూడండి, అప్పుడు ముఠా అంటే ఎస్టేటు. జనం పోటీపడి పాడారు. ఆ భూమిలో నిజంగా ఎంత పండుతుంది, వరద వస్తే ఏమవుతుంది, వాన లేకపోతే ఏమవుతుంది అని లెక్క లేదు. అప్పటికి కాటన్ ఆనకట్ట లేదు, అది 1847లో మొదలై 1852కి పూర్తయింది. కరువులు వచ్చాయి. 1832, 33ల్లో గుంటూరు కరువు అని చరిత్రలో నిలిచిపోయిన దెబ్బ. బాకీలు పేరుకుపోయి ఒక్కొక్క ముఠా మళ్ళీ వేలానికి వచ్చింది, ఈసారి పాడేవాడు కూడా లేక చాలా భాగం సర్కారే తీసేసుకుంది. 1844లో హెన్రీ మాంట్‌గొమరీ రాజమండ్రి జిల్లా దుస్థితి మీద రిపోర్టు రాశాడు, ఆనకట్ట కథకి ఆ రిపోర్టు కూడా ఒక మెట్టు.

ఇక్కడ ఎవడూ ఎవడినీ ఫోన్ చేసి మోసం చేయలేదు. పాటలో గెలిచినవాళ్ళే మునిగారు. దీనికి 1971లో అమెరికాలో ముగ్గురు ఆయిల్ కంపెనీ ఇంజినీర్లు ఒక పేరు పెట్టారు, విన్నర్స్ కర్స్, గెలిచినవాడి శాపం. పదిమంది ఒక వస్తువుకి వెల అంచనా వేస్తే, కొంతమంది తక్కువ వేస్తారు, కొంతమంది ఎక్కువ వేస్తారు. వేలంలో గెలిచేది అందరికంటే ఎక్కువ అంచనా వేసినవాడు. అంటే అందరికంటే ఎక్కువ తప్పు లెక్క వేసినవాడే గెలిచే ఛాన్స్ ఎక్కువ. ఇది మోసం కూడా కాదు, లెక్క. మీ మామయ్యని అడగండి, చెరువు పాట పాడి చేపలు లేక నష్టపోయినవాళ్ళ కథలు ప్రతి మండలంలో ఉంటాయి. పాటకి వెళ్ళే ముందే ఇంటి దగ్గర కాగితం మీద ఒక అంకె రాసుకుని, ఆ అంకె దాటితే లేచి వచ్చేసే మనిషి నాకు తెలిసి చాలా అరుదు. ఎందుకంటే అక్కడ పోటీ సరుకుతో కాదు, ఎదుటివాడి మీసంతో.

ఎదుటివాడే దొంగ అయితే? అదే దొంగ పాట. అమ్మేవాడి మనిషే గుంపులో నిలబడి ధర పెంచుతాడు. ఇంటర్నెట్‌లో దీని కథ వినండి. 1995 సెప్టెంబర్‌లో పియర్ ఒమిడ్యార్ అనే ప్రోగ్రామర్ ఆక్షన్‌వెబ్ అని ఒక సైట్ పెట్టాడు, అదే ఈబే. అందులో మొదట్లో అమ్ముడుపోయిన వస్తువు ఒక పాడైపోయిన లేజర్ పాయింటర్, 14.83 డాలర్లు. అది పాడైపోయిందని తెలుసా అని ఆయనే కొన్నవాడిని అడిగితే, తెలుసు, నేను పాడైనవే సేకరిస్తా అన్నాడంట. లోకంలో ఎన్ని రకాల మనుషులో. 1996లో ఆయన ఫీడ్‌బ్యాక్ పద్ధతి పెట్టాడు, కొన్నవాడు అమ్మినవాడికి, అమ్మినవాడు కొన్నవాడికి మార్కులు వేయడం. రేవులో "వాడు ఫలానావాళ్ళ మనవడు" అనే మాటకి అది కంప్యూటర్ రూపం. ఈరోజు మీరు చూసే ప్రతి ఐదు స్టార్లకీ అదే ముత్తాత.

నాలుగేళ్ళలో దానికీ చిల్లు పడింది. 2000 మే నెలలో కాలిఫోర్నియాలో ఒక లాయరు ఈబేలో ఒక పాత పెయింటింగ్ పెట్టాడు. పాతిక సెంట్లతో మొదలు. గ్యారేజ్‌లో పడుండేది, పిల్లాడి సైకిల్ తగిలి చిరిగింది అని అమాయకంగా రాశాడు. మూలన పేరున్న చిత్రకారుడు రిచర్డ్ డీబెన్‌కోర్న్ సంతకంలా రెండక్షరాలు. అమ్మేవాడికే విలువ తెలీదు, మనకి జాక్‌పాట్ అని కొనేవాళ్ళు ఎగబడ్డారు. ధర 1,35,805 డాలర్లకి పోయింది. తర్వాత బయటపడింది: సంతకం దొంగది, కథ దొంగది, ఆ పాట పెంచిన అకౌంట్లలో కొన్ని ఆయనవీ, ఆయన స్నేహితులవీ. ఒకరికొకరు మంచి ఫీడ్‌బ్యాక్ కూడా రాసుకున్నారు. ఈబే అమ్మకం రద్దు చేసింది, ఎఫ్‌బీఐ వచ్చింది, ఆ లాయరు కోర్టులో నేరం ఒప్పుకున్నాడు. ఇందులో నాకు నచ్చే విషయం ఒకటుంది. ఆ కథ ఎవరికి పనిచేసింది? అమాయకులకి కాదు. అమ్మేవాడి అమాయకత్వాన్ని వాడుకుందాం అనుకున్న తెలివైనవాళ్ళకి.

దొంగ పాటకి మన ఊళ్ళ మందు ధరావతు. ముందు కొంత డబ్బు కట్టినవాడే పాట పాడాలి. హైదరాబాద్ బాలాపూర్ గణేశ్ లడ్డూ 1994లో మొదటిసారి 450 రూపాయలకి వెళ్ళింది, ఇప్పుడు లక్షల్లో, ముప్పై దాటింది. అంత పెరిగాక పాట పాడేవాళ్ళు ముందే డబ్బు డిపాజిట్ చేయాలని నియమం పెట్టుకున్నారు. బ్యాంకులు ఇళ్ళు, స్థలాలు ఈ-వేలం వేసినా అంతే. సాధారణంగా రిజర్వు ధరలో పదో వంతు ముందు కట్టాలి, గెలిచాక పావు వంతు వెంటనే, మిగతాది పదిహేను రోజుల్లో. ఇది తెలుసుకుని ఉండటం మంచిది, ఎందుకంటే దొంగ బ్యాంక్ వేలం లింకులు కూడా తిరుగుతుంటాయి. ధరావతు వెళ్ళాల్సింది బ్యాంకు పేరున్న ఖాతాకి, నోటీసులో ఉన్న ఖాతాకి. ఏజెంటు యూపీఐకి కాదు.

అసలు నన్ను అడిగితే నాలుగు ప్రశ్నల్లో ప్రాణం తీసేది నాలుగోది. డబ్బు మధ్యలో ఎవరి చేతిలో ఉంటుంది? ఇక్కడ మన దేశం కథ కొంచెం బాధగా ఉంటుంది.

2000లో ముంబైలో బాజీ డాట్ కామ్ అని మొదలైంది. మనవాళ్ళ వేలం సైట్. 2004లో ఈబే దాన్ని సుమారు ఐదు కోట్ల డాలర్లకి కొనేసింది. అదే ఏడాది డిసెంబర్‌లో ఒక పెద్ద గొడవ. ఢిల్లీ స్కూల్ పిల్లలకి సంబంధించిన ఒక అశ్లీల వీడియో క్లిప్‌ని ఎవడో ఆ సైట్‌లో అమ్మకానికి పెట్టాడు. పోలీసులు సైట్ సీఈఓ అవ్‌నీశ్ బజాజ్‌నే అరెస్టు చేశారు. సైట్‌లో ఎవడో పెట్టినదానికి సైట్ యజమాని జైలుకెళ్ళాలా అని దేశమంతా చర్చ. 2008లో ఐటీ చట్టాన్ని సవరించారు, 2009 అక్టోబర్ నుంచి అమల్లోకి వచ్చింది. 79వ సెక్షన్ ప్రకారం, చట్టం చెప్పిన జాగ్రత్తలు తీసుకుంటే వేరేవాళ్ళు పెట్టిన సరుకుకి సైట్ బాధ్యత వహించక్కర్లేదు. 2012లో సుప్రీంకోర్టు బజాజ్ మీద కేసు కూడా కొట్టేసింది. న్యాయంగా చూస్తే ఆ సవరణ కరెక్టే, లేకపోతే యూట్యూబ్ ఉండదు, నేనూ ఉండను. కానీ మీకు దాని అర్థం ఏంటంటే: లిస్టింగ్‌లో ఉన్నది అబద్ధమైతే సైట్ దగ్గరికెళ్ళి నా డబ్బు ఇవ్వు అంటే, నేను సంత స్థలం మాత్రమే బాబూ, సరుకు నాది కాదు అనే అవకాశం ఎక్కువ.

ఆ రోజుల్లో ఈబే ఇండియాలో పైసాపే అని ఉండేది. కొనేవాడు డబ్బు ఈబేకి కడతాడు. సరుకు చేరాక అమ్మినవాడికి వెళ్తుంది. మధ్యలో ఒక చెయ్యి. రేవులో పాట పెట్టే పెద్దమనిషి చేసే పనే అది, కమీషన్ తీసుకుంటాడు, ఇటు మాట అటు మాట నిలబెడతాడు. 2017లో ఈబే ఇండియా ఫ్లిప్‌కార్ట్ చేతికి వెళ్ళింది, 2018 ఆగస్టు 14న మూతబడింది. మామూలు మనుషులు మామూలు మనుషులతో కొనే అమ్మే వ్యాపారమంతా ఓఎల్ఎక్స్, క్విక్కర్, ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్, వాట్సాప్ గ్రూపుల వైపు వెళ్ళిపోయింది. అవి గోడ మీద అంటించిన కాగితాల్లాంటివి. ఎక్కువ బేరాల్లో డబ్బు సంగతి మీరూ మీరూ చూసుకోండి అంతే.

సరిగ్గా అదే టైమ్‌లో, 2016లో, యూపీఐ వచ్చింది. సెకనులో డబ్బు వెళ్తుంది, సెకనులో వచ్చేస్తుంది. అద్భుతమైన సిస్టమ్, ఇంజినీర్‌గా చెప్తున్నా. కానీ ఈ రెండిటినీ పక్కపక్కన పెట్టండి. మధ్యలో చెయ్యి పోయింది, డబ్బు వేగం పెరిగింది. ఆ సందులోనే పుట్టాడు "ఆర్మీ ఆఫీసర్".

ఆయన మీకు తెలిసే ఉంటాడు. నేను ఆర్మీలో ఉన్నాను, ట్రాన్స్‌ఫర్ అయింది, బండి అర్జెంటుగా అమ్మాలి అంటాడు. యూనిఫామ్ ఫొటో పంపిస్తాడు, క్యాంటీన్ కార్డు పంపిస్తాడు, అవన్నీ ఇంకెవరివో. బండి ఆర్మీ ట్రాన్స్‌పోర్టులో వస్తుంది, ముందు రెండు వేలు కట్టండి. తర్వాత జీఎస్టీ. తర్వాత గేట్ పాస్. బండి మాత్రం ఎప్పటికీ దారిలోనే ఉంటుంది. రాజస్థాన్ భరత్‌పూర్, హర్యానా నూహ్ వైపు మేవాత్ ప్రాంతం నుంచి ఇలాంటి ముఠాలు, ఇప్పటి అర్థంలో ముఠాలు, ఎన్నోసార్లు పట్టుబడ్డాయి. మీరు అమ్మేవైపు ఉంటే ఇంకో రకం. పాత సోఫాకి ధర అడక్కుండానే ఓకే అంటాడు. డబ్బు పంపిస్తున్నా, ఈ రిక్వెస్ట్ యాక్సెప్ట్ చేసి పిన్ కొట్టండి అంటాడు. పిన్ కొడితే డబ్బు మీ దగ్గర నుంచి వాడికి వెళ్తుంది. డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు, స్కాన్ అక్కర్లేదు, ఓటీపీ అక్కర్లేదు. మీ నంబర్ చాలు. ఇంట్లో నాన్నగారికి, నాయనమ్మకి ఈ ఒక్క ముక్క తెలుగులో చెప్పండి. రేవులో చేపలమ్మే ఆవిడకి డబ్బు ఇవ్వడానికి ఆవిడ సంచిలో చెయ్యి పెట్టనివ్వమని ఎవడైనా అడిగితే ఆవిడ ఏం చేస్తుందో ఊహించుకోండి.

ఈ కలెక్ట్ రిక్వెస్ట్ అనే ఫీచర్ ఇంతమందిని ముంచింది కాబట్టే, 2025 అక్టోబర్ 1 నుంచి మనిషికీ మనిషికీ మధ్య దాన్ని ఎన్‌పీసీఐ ఆపేయించింది. తొమ్మిదేళ్ళు పట్టింది. నా ఉద్దేశంలో ఇది చాలా ముందే జరగాల్సింది, ఎందుకంటే డబ్బు "అడిగే" బటన్, "ఇచ్చే" బటన్ చూడటానికి ఒకేలా ఉంటే తప్పు వాడేవాడిది కాదు, డిజైన్ చేసినవాడిది. అది ఆగింది కదా అని దొంగలు మానలేదు. క్యూఆర్ కోడ్ పంపించి స్కాన్ చేయండి డబ్బు వస్తుంది అంటున్నారు. స్కాన్ చేసేది ఎప్పుడూ కట్టడానికే. కట్టేశా అని దొంగ స్క్రీన్‌షాట్ పంపుతున్నారు, మీ బ్యాంకు బ్యాలెన్స్ చూడకుండా వస్తువు చేతిలో పెట్టకండి. వాట్సాప్‌లో ఏపీకే ఫైల్ పంపి ఇన్‌స్టాల్ చేయమంటున్నారు, బిల్లు అనో, చలానా అనో పేరు పెట్టి. అది ఇన్‌స్టాల్ అయితే మీ ఎస్ఎమ్ఎస్‌లు వాడు చదువుతాడు. స్క్రీన్ షేరింగ్ యాప్ వేసుకోమన్నా ఇదే కథ.

మధ్యలో చెయ్యి లేనప్పుడు మిగిలేది పాత పద్ధతే: ఎదురెదురుగా నిలబడటం. అమలాపురంలోనో రాజోలులోనో కొత్తపేటలోనో కొనేవాడు, అమ్మేవాడు ఇద్దరూ ఉంటే, బస్టాండ్ దగ్గరో, టీ కొట్టు దగ్గరో, నలుగురు తిరిగే చోట పగటిపూట కలవండి. ఒక ఫ్రెండ్‌ని తీసుకెళ్ళండి. వస్తువు చేతిలోకి వచ్చి, పనిచేస్తుందో లేదో చూశాకే డబ్బు. బండి అయితే ఆర్‌సీ పేరు మారే ఫారాల మీద సంతకాలు అయ్యాకే మొత్తం పైకం, అమ్మేవాడు కూడా పేరు మారిందో లేదో కనిపెట్టుకోవాలి, లేదంటే ఎవడో చేసిన యాక్సిడెంట్‌కి నోటీసు మీ ఇంటికి వస్తుంది. దూరం సరుకు అయితే డబ్బు పట్టి ఉంచే సైట్‌లోనే కొనండి, "సైట్ బయట చేసుకుందాం, రేటు తగ్గిస్తా" అన్నవాడు మధ్య చేతిని తీసేయమంటున్నాడు.

ఇప్పటికే ఎవరికైనా డబ్బు పోయిందా? అయితే వీడియో ఇక్కడే పాజ్ చేసి 1930కి ఫోన్ చేయండి. ముందు 155260గా మొదలైన నంబరే, ఇప్పుడు 1930. దొంగ ఆ డబ్బుని ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకి నిమిషాల్లో తిప్పేస్తాడు. అవి ఏటీఎమ్ దాటేలోపు ఏదో ఒక ఖాతాలో ఆపించడమే ఆ నంబర్ పని, అందుకే రేపు చూద్దాం అనేది లేదు. యూపీఐ ట్రాన్సాక్షన్ నంబర్, బ్యాంకు పేరు, ఎంత, ఎన్ని గంటలకి, ఇవి దగ్గర పెట్టుకోండి. తర్వాత సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో ఫిర్యాదు పూర్తి చేయండి. చాట్‌లు డిలీట్ చేయకండి, సిగ్గనిపించినా సరే, అవే సాక్ష్యం. ఇంకో మాట, డబ్బు పోయిన వారానికి ఒకడు ఫోన్ చేసి నేను సైబర్ సెల్ నుంచి, మీ డబ్బు దొరికింది, రిలీజ్ చేయడానికి ఫీజు కట్టండి అంటాడు. వాడు కూడా అదే బ్యాచ్. మీ నంబర్ వాళ్ళ లిస్టులో ఉంది కదా.

వచ్చే ఎపిసోడ్‌లో బుస్సీ బెండమూర్లంకకి ఎందుకొచ్చాడో చూద్దాం. అల్లవరం వైపు వాళ్ళెవరైనా ఉంటే, ఆ ఫ్యాక్టరీ ఫలానా చోట ఉండేదని మీ తాతగారు చెప్పిన మాట ఏమైనా ఉంటే కామెంట్‌లో రాయండి.